నిండు విమానం

మందారపేట విమానాశ్రయంలో గొర్లె అప్పలసూరి పని నిచ్చెన బండి నడపడం. విమానం వచ్చి ఆగగానే ఆ మెట్ల బండిని తీసుకెళ్లి తలుపుకి ఆనించాలి. దిగేవాళ్లు దిగి, ఎక్కేవాళ్లు ఎక్కాక మళ్లీ వెనక్కి తీసెయ్యాలి. చెప్పుకోవడానికి అంతే. కానీ అప్పలసూరి ఆ పనిని దేవుడి పల్లకీ మోసినంత శ్రద్ధగా చేసేవాడు. బండి విమానానికి తగిలీ తగలకుండా ఆగగానే ఒకసారి మీసం దువ్వుకుని, దిగేవాళ్లకేసి ఇంటికొచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూసేవాడు.

ఒక రకంగా వాళ్లు అతని ఇంటికొచ్చినవాళ్లే. ఇప్పుడు రన్‌వే ఉన్నచోట ఒకప్పుడు అతని జీడితోట ఉండేది. తోట తీసుకున్నందుకు సర్కారువారు ఇంటికో ఉద్యోగం ఇచ్చారు. అలా బండెక్కిన అప్పలసూరి ఇన్నేళ్లలో విమానం మాత్రం ఎక్కలేదు. ఎక్కాలన్న కోరికా లేదు. నిచ్చెన పై మెట్టు మీద నిలబడితేనే అతనికి అరికాళ్లలో చీమలు పాకేవి.

"ఎగిరేవోల్లు ఎగరాల, మెట్లేసేవోల్లు మెట్లెయ్యాల. ఎవలి పని ఆల్లది" అనేవాడు భార్య నూకాలుతో.

మందారపేట నుంచి విమానం ఒక్కటే. రాత్రంతా ఇక్కడే పడుకుని, పొద్దున హైదరాబాదు వెళ్లి, సాయంత్రం తిరిగొచ్చేది. పేరుకి పెద్ద విమానం. పెళ్లిళ్ల రోజుల్లో తప్ప సగం సీట్లలో గాలే కూర్చునేది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టకుండానే గడిచిపోయేదేమో గాని, ఆ ఏడు మామిడి పూత వేళకి పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది.

"ఏ విమానాశ్రయము నుండి రాకపోకలు సాగించు విమానములలో సీట్లు ఖాళీగా కానవచ్చునో, సదరు ప్రాంత ప్రజలకు విమానాశ్రయముతో పని లేదని భావించి, దానిని మూసివేయు విషయమై తగు చర్యలు గైకొనబడును."

విమానాశ్రయం డైరెక్టరు పినాకపాణి గారు సిబ్బందినందరినీ బయల్దేరే హాల్లోకి పిలిపించారు. ప్రయాణికుల కోసం వేసిన కుర్చీలన్నీ సిబ్బందితో నిండాయి. ఆ హాలు అంత నిండుగా ఉండటం డైరెక్టరు గారు చూడటం అదే మొదటిసారి. అలా చూస్తూ నిలబడ్డారు. పథకం ఆయనకి ఆ క్షణంలోనే తట్టిందని తర్వాత చెప్పుకున్నారు.

"ఖాళీ సీటు అంటే ఏమిటి?" అని అడిగారు.

ఒక గుమాస్తా లేచి తన కుర్చీకేసి చూసుకున్నాడు.

"ఖాళీ సీటు అంటే మన మీద విశ్వాసం ప్రకటించని ఒక పౌరుడు. పౌరులు ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎన్నాళ్లు చేతులు కట్టుకు కూర్చుంటాం? ప్రయాణికుల్ని బయటినుంచి తెచ్చుకునే ఈ దుస్థితి పోవాలి. ప్రయాణికుల ఉత్పత్తిలో మందారపేట స్వయంసమృద్ధి సాధించాలి. మిత్రులారా, ఇక మనమే ప్రయాణికులం."

పక్కవాడు చప్పట్లు కొట్టాడు కాబట్టి అప్పలసూరీ కొట్టాడు. పథకానికి 'నిండు విమానం' అని పేరు పెట్టారు. సిబ్బంది వంతులవారీగా పొద్దున హైదరాబాదు వెళ్లాలి, సాయంత్రం అదే విమానంలో తిరిగి రావాలి. టికెట్లకి ప్రయాణికుల ప్రోత్సాహక నిధి ఉంది. ప్రోత్సహించడానికి ప్రయాణికులు దొరక్క అది పుట్టినప్పటినుంచీ అలాగే ఉంది.

వంతుల చార్టు తయారుచేసే పని పరిపాలనాధికారిణి కోమలికి అప్పగించారు. ఆమె చీర మడత నలగనివ్వదు, గొంతు పెంచదు, చార్టులో గడి ఖాళీగా వదలదు.

మొదట్లో పండగలాగే ఉంది. గుమాస్తాలు కొత్త చొక్కాలు కుట్టించుకున్నారు. ఊడ్చే పైడమ్మ కిటికీ పక్క సీటు కోసం తోటికోడలితో మాటలు మానేసింది. అందరూ పులిహోర పొట్లాలు కట్టుకుని వెళ్లి, హైదరాబాదు విమానాశ్రయంలో కుర్చీల్లో పొద్దల్లా కూర్చుని, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. హైదరాబాదు ఎలా ఉందని అడిగితే చల్లగా ఉందనేవారు. వాళ్లు చూసింది ఏసీనే.

ఇక్కడ మాత్రం నేల మీద దుమ్ము పేరుకుంది. టీ కొట్టు మూతపడింది, కొట్టువాడు కూడా సిబ్బంది కిందికే వస్తాడని కోమలి తేల్చింది. సామాన్ల బెల్టు తిప్పే మనిషి విమానంలో ఉండటంతో, అతను దిగి నడిచొచ్చి మీట నొక్కేదాకా పెట్టెలు లోపలే ఉండేవి. ఇవేవీ పైవాళ్లకి కనిపించలేదు. పైవాళ్లకి కనిపించింది నిండిన విమానం. మెచ్చుకుంటూ డైరెక్టరు గారికి ఒక జ్ఞాపిక పంపారు, ఇకమీదట ఒక్క సీటు ఖాళీగా కనిపించినా విచారం కలుగుతుందని కూడా తెలియజేశారు.

దాంతో ఇన్నాళ్లూ చార్టులోకి ఎక్కనివాళ్ల వంతు వచ్చింది. కోమలి అప్పలసూరిని పిలిపించింది.

"సూరీ, ఎల్లుండి నీ వంతు."

"నానెల్లిపోతే నిచ్చెనెవలేస్తారు మేడమ్?"

"పొద్దున విమానం వెళ్లేటప్పుడు రెండో డ్రైవరు ఈశ్వర్రావు తీస్తాడు. సాయంత్రం వచ్చేటప్పుడు నువ్వు వేస్తావు. ఎప్పుడూ ఉన్న వాటాయేగా."

"సాయంత్రం నాను ఇమానంలో ఉంటాను గదా?"

కోమలి చార్టుని అతనివైపు తిప్పింది. "విమానం దిగేది అయిదున్నరకి. నీ డ్యూటీ మొదలయ్యేది అయిదున్నరకి. ఆ టైముకి నువ్వెక్కడుంటావు?"

"ఇమానంలో."

"విమానం ఎక్కడుంటుంది?"

"ఇక్కడే."

"అయితే నువ్వు డ్యూటీలో ఉన్నట్టే కదా."

అప్పలసూరి ఆ గదిలోంచి బయటికొచ్చి, వరండాలో నిలబడి ఆలోచించాడు. ఆమె చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో దొరకలేదు. ఎక్కడో ఉందని మాత్రం తెలుస్తోంది. కానీ అతన్ని ఎక్కువ కుదిపింది నిచ్చెన సంగతి కాదు. రేపు కాదు ఎల్లుండి తను గాలిలో ఉంటాడు.

మర్నాడు పొద్దున అప్పలసూరి తన టికెట్టు తీసుకుందామని వచ్చేసరికి కౌంటరు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. జరీ అంచు పంచె, భుజాన కండువా, చంకలో పొడుగాటి తోలు సంచీ. ఆయన సన్నాయి శరభయ్య. ఆ చుట్టుపట్ల ఆయన సన్నాయి లేకుండా మూడు తరాలుగా ఏ పెళ్లిలోనూ తాళి పడలేదు. అప్పలసూరి పెళ్లిలో వాయించింది కూడా ఆయనే.

"ఎటెల్తన్నారు తాతా?" అని పలకరించాడు అప్పలసూరి.

"హైదరాబాదు బాబూ. అక్కడెవలో పెద్ద సభ పెట్టినారు. ఇన్నాల్లకి నన్ను పిలిసినారు. ఎల్లుండి సాయంత్రం కచేరీ. ఈ వయసుకి రైల్లో రాత్రంతా కూసుంటే ఊపిరి నిలబడదని మా అల్లుడు ఇమానంలో ఎల్లమన్నాడు. వీల్లేటో సీట్లు లేవంతన్నారు."

"రేపటికి?"

"రేపటికీ లేదంట. ఎల్లుండికీ లేదంట. కార్తీకం దాకా లేదంట."

అప్పలసూరికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పెద్దాయన చెయ్యి పట్టుకుని నేరుగా డైరెక్టరు గారి గదికి తీసుకెళ్లాడు.

"అయ్యా, ఈయనకి ఎల్లక తప్పదు, నాకు ఎల్లడం ఇష్టం లేదు. రేపు నా సీటు ఈయనకిచ్చీండి. ఇమానం నిండే ఉంటాది."

పినాకపాణి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి కోపం రాలేదు. ఇలాంటి అజ్ఞానాన్ని ఓపిగ్గా సరిదిద్దడం తన బాధ్యత అని ఆయన నమ్మకం.

"చూడు అప్పలసూరీ. ప్రయాణికుణ్ణి నమ్ముకుని విమానాశ్రయాన్ని నడపలేం. ప్రయాణికుడికి జ్వరం రావచ్చు. ముహూర్తం మారవచ్చు. ఆఖరి నిమిషంలో మనసు మారవచ్చు. అప్పుడు సీటు ఖాళీ. ఉద్యోగికి ఆ వెసులుబాటు లేదు. అందుకే సీట్లన్నీ ముందుగానే సిబ్బందికి రిజర్వు చేశాం. ఒక వ్యక్తి సౌకర్యం కోసం విమానాశ్రయం మనుగడని పణంగా పెట్టమంటావా?"

"మరి ఇమానాశ్రయం ఎవలికోసం బాబూ?" అని అడిగాడు శరభయ్య. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకుందామని.

డైరెక్టరు గారు ఆ ప్రశ్నని మెచ్చుకున్నారు. "అది విధానపరమైన విషయం. మన స్థాయిలో తేలేది కాదు" అన్నారు. తర్వాత కాసేపు ఆలోచించి, తనకి మానవత్వం లేదని ఎవరూ అనకూడదనుకున్నారో ఏమో, కోమలిని పిలిచారు.

దారి కోమలే కనిపెట్టింది. ఎల్లుండి చార్టులో ఒక తాత్కాలిక స్వీపరు సీటు ఉంది. ఆ మనిషి పని మానేశాడు. శరభయ్యని ఆ ఉద్యోగంలో వేసుకుంటే, ఉద్యోగి హోదాలో ఎల్లుండి పొద్దున విమానం ఎక్కొచ్చు. అయితే కొత్తగా చేరినవాళ్లు విమానం ఎక్కేముందు ఒక రోజైనా నేల మీద పని చెయ్యాలని నిబంధన.

"అంటే రేపు సీపురు పట్టాలా?" అన్నాడు శరభయ్య.

అప్పలసూరికి తల వంగిపోయింది. ఊరేగింపుల్లో దేవుడికంటే ముందు నడిచే మనిషి. ఆయన కాలికి మట్టి అంటకుండా దారి ఊడ్చేవాళ్లని చూశాడు తను. ఈయన ఊడవడం చూడాల్సి వస్తుందనుకోలేదు.

శరభయ్య మాత్రం కండువా దులిపి భుజం మార్చుకున్నాడు. "అరవై ఏళ్లు ఊదినాను. ఒక పూట ఊడిస్తే ఏటైపోద్ది? ఎక్కడ సంతకం పెట్టాల?"

తెల్లారింది. నూకాలు భర్త నుదుట కుంకం పెట్టి, వాకిట్లో దిష్టి తీసి పంపింది. అప్పలసూరి తన నిచ్చెన మీద తానే మెట్టుమెట్టుకీ దేవుళ్లని తలుచుకుంటూ ఎక్కాడు. కింద ఈశ్వర్రావు బండి స్టార్టు చేస్తూ, "బావా, పైనుంచి మా ఇల్లు కనిపిస్తాదేమో సూడు" అని అరిచాడు. అప్పలసూరి ఏమీ చూడలేదు. విమానం లేచిన దగ్గర్నుంచి దిగేదాకా ముందు సీటు వెనక ఉన్న సంచిలోని కాగితమ్మీద బొమ్మనే చూస్తూ ఉన్నాడు. అది నీళ్లలో పడినప్పుడు ఏం చెయ్యాలో చెప్పే కాగితం కావడంతో ధైర్యం ఏమీ పెరగలేదు. పక్క సీట్లో పైడమ్మ కిటికీకి ముక్కు ఆనించి, "మబ్బులేటి, మా ఇంట్లో దూదంత లేవు" అని పెదవి విరిచింది.

హైదరాబాదులో పగలంతా చల్లటి కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం తిరుగు విమానంలో అందరూ ఉన్నారు. సామాన్ల బెల్టు తిప్పే మనిషి, మైకులో చెప్పే అమ్మాయి, తాళాల గుత్తి మోసే జవాను. ఆ రోజు పైవాళ్ల తరఫున ఎవరో లెక్క చూడటానికి వస్తారని వదంతి రావడంతో కోమలి ఎక్కింది. డైరెక్టరు గారు ఆదర్శంగా మొదటి వరసలో కూర్చున్నారు. ఒక్క సీటు ఖాళీ లేదు. ఆ వచ్చేవాళ్లెవరో రాలేదు. వచ్చినా సీటు ఉండేది కాదు.

విమానం సరిగ్గా వేళకి మందారపేటలో దిగింది. మెల్లగా వచ్చి తన చోట ఆగింది. ఇంజన్లు ఆగాయి. అందరూ లేచి, పైనుంచి సంచులు తీసుకుని, నడవలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. అలా నిలబడే ఉన్నారు.

అప్పలసూరి కిటికీలోంచి చూశాడు. దూరంగా షెడ్డు నీడలో అతని నిచ్చెన బండి బుద్ధిగా ఉంది. తాళం చెవి అతని చొక్కా జేబులో ఉంది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరూ పైకి అనలేదు. కాసేపటికి పైలట్ తన గదిలోంచి బయటికొచ్చి, నిచ్చెన ఎందుకు రావడం లేదని టవరుని అడిగానన్నాడు. టవరులోవాళ్లు వేరే శాఖ. చక్రాలు నేలని తాకేదాకానే తమ పరిధి అనీ, తాకాయి కాబట్టి అభినందనలనీ చెప్పారట. భద్రతా సిబ్బంది ఇంకో శాఖ. నిచ్చెనని ఎవరైనా కదిలిస్తే అడ్డుకోవడమే తమ విధి అన్నారు. అగ్నిమాపక దళంవాళ్లని చట్టం కదలనివ్వదు కాబట్టి వాళ్లు నేల మీదే ఉన్నారు. వాళ్లు మంట ఎక్కడని అడిగారు. మంట లేదని తెలిసి ఫోను పెట్టేశారు.

ఈశ్వర్రావుకి ఫోను చేస్తే అతని భార్య ఎత్తింది. డ్యూటీ అయిపోయాక అన్నప్రాసనకి వెళ్లాడనీ, ఏరు దాటాడనీ చెప్పింది. అతని తాళం చెవి ఆఫీసులో ఉంది. ఆఫీసు తాళం కోమలి చేతిసంచిలో ఉంది.

"ఇది ఎవరి లోపం?" అని అడిగారు డైరెక్టరు గారు.

"సర్, చార్టు ప్రకారం అందరూ డ్యూటీలోనే ఉన్నారు" అంది కోమలి.

"అయితే లోపం లేదన్నమాట."

"లేదు సర్. దిగడం ఒక్కటే."

లోపల ఉక్కపోత మొదలైంది. పైడమ్మ కొంగుతో విసురుకుంటోంది. ఎవరో పెద్దమనిషి, ప్రమాదం వస్తే రబ్బరు జారుడుబల్ల ఒకటి ఊడిపడుతుంది కదా, దాని మీద జారిపోదామన్నాడు.

పైలట్ కుర్రవాడైనా స్థిమితంగా జవాబిచ్చాడు. "అది ప్రమాదానికండి. ఇది ప్రమాదం కాదు, పరిపాలన."

అప్పుడే అప్పలసూరికి కిటికీలోంచి ఒక మనిషి కనిపించాడు. గేటు నంబరు రెండు దగ్గర చీపురు పట్టుకుని, విమానంకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మెడలో కొత్త గుర్తింపు కార్డు వేలాడుతోంది. శరభయ్య.

"అయ్యా, శరభయ్య తాత నేలమీదున్నాడు" అన్నాడు అప్పలసూరి.

"అతను ప్రయాణికుడు. నిచ్చెన ముట్టుకునే హక్కు లేదు" అన్నారు డైరెక్టరు గారు.

కోమలి చార్టు తెరిచింది. "ఈ రోజుకి మన ఉద్యోగే సర్. నేల మీద ఉన్న ఉద్యోగి ఆయన ఒక్కడే."

తాళం చెవి కిందికి విసరడానికి తలుపు తెరవాలంటే పైలట్ ఒప్పుకున్నాడు. విమానం తలుపు తెరిచారు. సాయంత్రపు గాలి ఒక్కసారిగా లోపలికి కొట్టింది. తలుపు అవతల మెట్టు లేదు, ఏమీ లేదు. ఒక మేడంత లోతు. తాళం చెవి విసరాల్సింది అప్పలసూరే, ఎందుకంటే చెవి అతని పేర ఇచ్చింది, చేతులు మారకూడదు. విమానంలో పనిచేసే అమ్మాయి అతని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకుంది. అతను కళ్లు సగం మూసుకుని, చెవిని చేతిరుమాల్లో మూట కట్టాడు.

"తాతా" అని పిలిచాడు. పెద్దాయనకి వినపడలేదు. మళ్లీ గట్టిగా పిలిచాడు. "తాతా, ఇట్రా. నిచ్చెన తేవాల."

శరభయ్య విమానం కిందికొచ్చి తలెత్తాడు. "నాకు రాదు బాబూ."

"ట్రాక్టరొచ్చా?"

"ట్రాక్టరు నా అల్లుడిది. అప్పుడప్పుడు తోల్తాను."

"అలాంటిదే. తొందర పడకు."

మూట గాలిలో తిరుగుతూ వెళ్లి శరభయ్య కండువాలో పడింది. భద్రతా జవాను అడ్డొచ్చాడు. శరభయ్య మెడలో కార్డు ఎత్తి చూపించాడు. జవాను దాన్ని రెండు వైపులా చదివి పక్కకి తప్పుకున్నాడు. కాసేపటికి షెడ్డులోంచి దగ్గులాంటి చప్పుడు వినిపించింది. నిచ్చెన బండి బయటికొచ్చింది, ఎద్దుల బండిలా అటూ ఇటూ ఊగుతూ.

"ఎడం పక్కకి. ఇంకా. ఆపు. ఎనక్కి. ఇప్పుడు మెల్లిగా. మెల్లిగా తాతా, పెళ్లికూతురిని తెస్తన్నట్టు."

అప్పలసూరి కింద పడతానన్న సంగతి మర్చిపోయి తలుపులోంచి సగం బయటికి వంగి చేతులూపుతున్నాడు. రెండుసార్లు తప్పిపోయి, మూడోసారికి బండి తలుపు దగ్గర ఆగింది. తగిలీ తగలకుండా. విమానంలో అందరూ చప్పట్లు కొట్టారు. ఈసారి ఎవర్నీ చూసి కాదు.

అందరూ దిగారు. కొందరు శరభయ్య కాళ్లకి దణ్ణం పెట్టారు. డైరెక్టరు గారు చివరి మెట్టు మీద ఆగారు.

"నీకు నిచ్చెన బండి నడిపే లైసెన్సు ఉందా?"

"ట్రాక్టరుకుంది బాబూ."

పినాకపాణి గారు చాలా బాధపడ్డారు. ఆ బాధ ముఖంలో కనిపించింది కూడా. కానీ అనుమతి లేని వ్యక్తి విమానం దగ్గరికి వాహనం తేవడం తీవ్రమైన విషయం. విచారణ జరగాలి. విచారణ జరిగేదాకా శరభయ్య సస్పెన్షన్‌లో ఉంటాడు.

"అలాగే. మరి రేపు ఇమానం?" అన్నాడు శరభయ్య.

కోమలి చార్టు మూసింది. "సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి ఊరు వదిలి వెళ్లకూడదండి."

"అయితే ఉద్యోగం వదిలేస్తాను."

"విచారణ ముగిసేదాకా రాజీనామా చెల్లదండి."

శరభయ్య చీపురుని గోడకి ఆనించి, చేతులు కడుక్కుని, తోలు సంచీ తీసుకున్నాడు. అప్పలసూరి ఆ మనిషి మొహం చూడలేకపోయాడు. తన పెళ్లినాడు అప్పగింతల వేళ నూకాలు తల్లి ఏడ్చింది ఈ మనిషి ఊపిరి వినే. ఆ ఊపిరిని ఇక్కడ దుమ్ములో నిలబెట్టి, ఇప్పుడు దాని దారికి అడ్డంగా గోడ కట్టారు. దీనికంతటికీ మొదలు తను తాత చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లడం.

"పద తాతా" అన్నాడు. డ్యూటీ మధ్యలో ఉన్నానని కూడా చూసుకోలేదు. మోటారు సైకిలు తీసి పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీదికి తీసుకెళ్లాడు.

"ఊరు దాటితే ఏటవుద్దో?" అన్నాడు శరభయ్య దారిలో.

"ఏటీ కాదు. ఉద్యోగం పోద్ది."

"ఏ ఉద్యోగం? నానెప్పుడు సేసినాను?" అంటూ పెద్దాయన వీపు వెనక నవ్వాడు. నవ్వుతో మోటారు సైకిలు ఊగింది.

హైవే మీద హైదరాబాదు బస్సులు ఆగే చోటు కాదది. చెయ్యెత్తితే ఒక్కటీ ఆగలేదు. రెండు బస్సులు దుమ్ము కొట్టి వెళ్లిపోయాయి. చీకటి పడుతోంది. శరభయ్య నిలబడి నిలబడి, ఊదే రెల్లు పీక ఆరిపోతుందని సంచీలోంచి సన్నాయి తీశాడు. పెదాల మధ్య తడిపి, ఊరికే ఒక ముక్క ఊదాడు. ఆ ముక్క ఇంకో ముక్కని లాక్కొచ్చింది. పక్క చేలో ఆవుల్ని తోలుకెళ్తున్న మనిషి నిలబడిపోయాడు. అంతలో మూడో బస్సు వచ్చి, కీచుమంటూ ఆగింది.

డ్రైవరు తల బయటికి పెట్టాడు. "పెళ్లివోల్లెంతమంది?"

"ఒక్కడే" అన్నాడు అప్పలసూరి.

డ్రైవరు ఒకసారి ఇద్దర్నీ చూసి, తన పక్కనున్న సీటు మీద సంచులు తీసేశాడు. "ఎక్కు పెద్దయ్యా."

బస్సు ఎర్ర దీపాలు మలుపు తిరిగేదాకా అప్పలసూరి రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ మర్నాడు రాత్రి శరభయ్య అల్లుడు ఫోను చేశాడు. కచేరీ అయింది. జనం లేవకుండా కూర్చున్నారు. ఒక్క సీటు ఖాళీ లేదు.

నెల తిరక్కుండా జరిగినదాని మీద విచారణకి పైనుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. విమానంలో సీట్లు లేక వాళ్లు కారులో వచ్చారు. నడుములు పట్టుకుని దిగి, విమానం నిండుగా లేచే దృశ్యాన్ని కంచె ఇవతలినుంచి చూసి చాలా సంతోషించారు. అందరి వాంగ్మూలాలూ తీసుకున్నారు. అప్పలసూరి వంతు వచ్చినప్పుడు అతను చేతులు కట్టుకోలేదు.

"ఊర్లో ఎల్లాల్సినోల్లు శానామందున్నారయ్యా. ఆల్లని ఎక్కనివ్వండి. మమ్మల్ని దించీండి. నాకు మెట్లెయ్యడం ఒచ్చు. ఇమానంలో కూసోడం రాదు. ఆరోజు తలుపుకాడ నా గుండె నోట్లోకొచ్చీసింది."

కమిటీ పెద్ద తల ఊపుతూ అంతా రాయించుకున్నాడు.

నివేదిక త్వరగానే వచ్చింది. మందారపేటలో ఆ సాయంత్రం నేల మీద దాదాపు ఎవరూ లేకపోయినా విమానం క్షేమంగా దిగింది, ప్రయాణికులూ క్షేమంగా దిగారు. కాబట్టి నేల మీది సిబ్బంది అవసరం లేదని రుజువైంది. నిచ్చెన బండిని ఒకే చోట శాశ్వతంగా నిలిపి ఉంచాలి, విమానమే దాని దగ్గరికి వచ్చి ఆగడం నేర్చుకోవాలి. శరభయ్య విచారణకి హాజరు కానందున, ఆ విషయమై విడిగా విచారణ జరపాలి. నిచ్చెన డ్రైవరు అప్పలసూరి ఎత్తుల భయంతో బాధపడుతున్నట్టు కమిటీ సానుభూతితో గమనించింది, అది పోయేదాకా అతన్ని రోజూ విమానంలో పంపాలని సిఫారసు చేసింది.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరి పేరాలో ఉంది. ఒక్క సీటూ ఖాళీ లేని ఊళ్లో ఒక్క విమానం చాలదని స్పష్టమవుతోంది. రెండో విమానం మంజూరు చేయడమైనది.

పినాకపాణి గారు పదోన్నతి మీద పెద్ద ఊరికి వెళ్లారు. వీడ్కోలు సభలో కళ్లు తుడుచుకున్నారు. ఆయన కుర్చీలో కోమలి కూర్చుంది. రెండో విమానం నింపడానికి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఉద్యోగాలిచ్చారు. ఇన్నాళ్లూ దరఖాస్తులు పెట్టి అలిసిపోయినవాళ్లందరికీ ఒకే వారంలో ఉత్తర్వులు వచ్చాయి. ఏం పని అని అడిగినవాళ్లు తక్కువ. నూకాలుకీ వచ్చింది.

మొదటిరోజు నూకాలు పట్టుచీర కట్టుకుంది. అప్పలసూరి ఆమెకి బెల్టు ఎలా పెట్టుకోవాలో చూపించాడు. అతనికి ఇప్పుడు భయం లేదు. అరికాళ్లలో చీమలూ లేవు. నిచ్చెన బండి ఎండలో అలాగే నిలబడి ఉంది, దానివైపు చూడటం మానేశాడు. విమానం లేచింది. నూకాలు అతని చెయ్యి గట్టిగా పట్టుకుని, కాసేపటికి వదిలేసి, చుట్టూ చూడటం మొదలుపెట్టింది. ముందు వరసల్లో పక్కూరి మంగలి, పాలకేంద్రం మేస్త్రి, పైడమ్మ, ఆమె తోటికోడలు. అందరూ తెలిసిన మొహాలే. నడవ అవతల సీట్లో మాత్రం కొత్త కుర్రాడు ఒకడు. ఒళ్లో ఫైలు, కాళ్లకి గట్టి బూట్లు. మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు. ఆ సీటు మనిషికి ఆ పొద్దున జ్వరం తగలడంతో, గేటు మూసే ముందు దొరికిన అదృష్టం అతనిది.

"నువ్వే డిపార్టుమెంటు బాబూ?" అని అడిగింది నూకాలు.

"డిపార్టుమెంటా? ఏదీ లేదండి."

"మరెందుకెల్తన్నావు?"

"హైదరాబాదులో పనుందండి. అందుకని" అన్నాడు కుర్రాడు.

నూకాలు అతన్ని కాసేపు జాలిగా చూసింది. తర్వాత భర్త చెవి దగ్గరకి వంగి మెల్లిగా చెప్పింది.

"పాపం, ఉద్యోగం లేదంట."